మంచులో అంతిమయాత్ర: చిత్రకారుడు పీట్రస్ వాన్ డెర్ వెల్డెన్



జీవిత చరిత్రలంటే మనం మామూలుగా మిషనరీలవీ, కీర్తనలు రాసిన భక్తులవీ చదువుతాం. ఈసారి ఒక చిత్రకారుడి జీవితం చదవమని మిమ్మల్ని అడుగుతున్నాను. ఆయన పేరు పీట్రస్ వాన్ డెర్ వెల్డెన్. పీట్రస్ అంటే మన పేతురే. జాలరి పేరు పెట్టుకున్న ఈ మనిషి జాలరుల బొమ్మలతోనే పేరు తెచ్చుకున్నారు. హాలండ్‌లో పుట్టి, యాభై దాటిన వయసులో సముద్రాలు దాటి మన క్రైస్ట్‌చర్చ్‌కి వచ్చారు. ఈ దేశపు చిత్రకళ చరిత్రలో ఆయన పేరు లేకుండా ఆ కాలం గురించి ఎవరూ రాయరు.

మాంట్రియల్ వీధిలోని ఆర్ట్ గ్యాలరీ మీలో చాలామందికి తెలుసు. వంపులు తిరిగిన అద్దాల గోడ ఉన్న భవనం. లోపలికి వెళ్లడానికి టికెట్ లేదు. పిల్లలను తీసుకుని వెళ్లినవాళ్లు ఉంటారు, ముందు నుంచే వెళ్లిపోయినవాళ్లు ఇంకా ఎక్కువమంది ఉంటారు. ఆ గ్యాలరీ సొత్తయిన చిత్రాల్లో ఈయన 1872లో వేసిన తైలవర్ణ చిత్రం ఒకటి ఉంది. దాని అసలు పేరుకు అర్థం మార్కెన్ దీవిలో చలికాలపు సమాధి కార్యక్రమం అని. ఊళ్లో అందరూ దాన్ని ‘ద డచ్ ఫ్యూనరల్’ అనే అంటారు. చుట్టూ మంచు, పైన బరువైన చలికాలపు ఆకాశం, నల్లని బట్టల్లో శవపేటికతో సాగిపోతున్న జనం. చెప్పాలంటే అంతే. కానీ దాని ముందు పది నిమిషాలు నిలబడి చూస్తే అంతే అనిపించదు.

పరదేశంలో బ్రతుకుతున్న మనకు ఈ బొమ్మతో పని ఎందుకో ముందే చెబుతాను. మన ఇళ్లలో అర్ధరాత్రి ఫోన్ మోగితే గుండె ఎందుకు జారుతుందో మీకు తెలుసు. అక్కడ నాన్నగారో, అమ్మమ్మో, పెద్దన్నయ్యో ప్రభువునందు నిద్రించారని కబురు. ఇక్కడి నుంచి రెండు విమానాలు మారి ఊరు చేరేసరికి ఒక రోజు దాటిపోతుంది. అక్కడేమో మరుసటి రోజే భూస్థాపన. మనలో ఎంతమంది తల్లిదండ్రుల అంతిమయాత్రను అరచేతిలోని ఫోన్‌లో చూశారు! ఎవరో చిన్నాన్న కొడుకు వీడియో పట్టుకుని నడుస్తుంటే, బొమ్మ ఊగుతూ, మాట తెగిపోతూ, కీర్తన సగంలో ఆగిపోతూ. ఆ నడకలో మనం లేము. ఆ లేకపోవడం కొందరికి ఏళ్లు గడిచినా తీరదు. అందుకే, గుంపుగా నడుస్తున్న దుఃఖాన్ని జీవితమంతా చూసిన ఒక చిత్రకారుడి సంగతి మనకు కొంత పనికొస్తుందని నా నమ్మకం.

పీట్రస్ 1837 మే నెలలో రోటర్‌డామ్ రేవుపట్నంలో పుట్టారు. పన్నెండు పదమూడేళ్లకే బొమ్మలు నేర్చుకోవడం మొదలుపెట్టి, తర్వాత రాతి అచ్చు పనిలో చేరారు. రాతి అచ్చు అంటే నున్నటి రాతిపలక మీద జిడ్డు సుద్దతో బొమ్మ గీసి, దాని మీద సిరా రుద్ది, కాగితానికి ఎక్కించే పని. ఇరవై ఒక్క ఏళ్లకే ఒక స్నేహితుడితో కలిసి సొంత అచ్చు వ్యాపారం పెట్టుకున్నారు. ఈ పని గురించి ఎందుకు చెబుతున్నానంటే, ఇందులో రంగులు తక్కువ. నలుపు ఎంత నలుపు, తెలుపు ఎంత తెలుపు, మధ్యలో బూడిద రంగుకి ఎన్ని మెట్లు అన్నదే చెయ్యి నేర్చుకుంటుంది. రంగుల కుంచె పట్టకముందే ఆయన కన్ను వెలుగునీడలకు అలవాటు పడిందని నాకనిపిస్తుంది. ముప్పై ఏళ్ల వయసులో ఆ వ్యాపారం వదిలి పూర్తిగా చిత్రకారుడయ్యారు. ఇల్లు గడిచే పని వదిలేయడం. మన ఇళ్లలో ఎవరైనా ఆ మాటంటే పెద్దవాళ్లు ఏమంటారో వేరే చెప్పనక్కర్లేదు.

ఆ తర్వాత ఆయన మార్కెన్ దీవికి వెళ్లారు. ఆమ్‌స్టర్‌డామ్‌కు ఈశాన్యంగా, అప్పట్లో జౌడర్‌జే అనే ఉప్పు సముద్రపు పాయలో ఉండేది ఆ దీవి. చిన్నది, బల్లపరుపుది. ఉప్పెన వస్తే మునిగిపోతుంది కాబట్టి మట్టి దిబ్బలు పోసి, వాటి మీద చెక్క ఇళ్లు దగ్గర దగ్గరగా కట్టుకున్నారు. దివిసీమ వైపు నుంచి వచ్చినవాళ్లకు ఆ భయం విడమరచి చెప్పక్కర్లేదు. జీవనమంతా చేపల వేట మీదే. కట్టూబొట్టూ పక్క ఊళ్లవారి కంటే వేరు, ఎవరిని చూసినా మార్కెన్ మనిషి అని తెలిసిపోయేది. సంస్కరణ సంఘానికి చెందిన నిష్ఠగల ప్రొటెస్టెంట్లు. ఆరాధనలో ఆర్భాటం లేదు, గుడిలో పటాలు లేవు. ఇలాంటి చోట చావు ఒక ఇంటి సంగతి కాదు. దిబ్బ మీద అందరూ ఒకరికొకరు ఏదో ఒక వరసవాళ్లే.

ఇప్పుడు బొమ్మ దగ్గరకు వద్దాం. గ్యాలరీకి వెళ్లినప్పుడు ముందు పక్కనున్న చీటీ చదవకండి. దూరంగా నిలబడండి. పదడుగుల దూరం నుంచి చూస్తే ముఖాలు తెలియవు, నల్లని రాశి ఒకటి తెల్లని నేల మీద కదులుతున్నట్టు మాత్రం తెలుస్తుంది. చిత్రకారుడు మొదట చెప్పదలచిన మాట అదే. దుఃఖం ఒక్కొక్కరిది కాకముందు అందరిదీ. మనుషులను వేరువేరుగా గీసి తర్వాత పక్కపక్కన పేర్చలేదాయన. నలుపు ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది. ఎవరి అంచు ఎక్కడ ముగిసిందో వెతుక్కోవాలి. మన ఊళ్లలో సమాధుల తోట దాకా నడిచే గుంపును కాస్త ఎత్తైన చోటి నుంచి చూసినవారికి ఈ సంగతి తెలుసు. అక్కడ మాత్రం తెల్లబట్టలు, ఎర్రమట్టి దారి. రంగులు తారుమారైనా ఆ గుంపు ఒకే ప్రాణిలా కదలడం మారదు.

తర్వాత నేలను చూడండి. చాలామంది మనుషులను చూసి నేలను వదిలేస్తారు. మంచు ఇక్కడ అలంకారం కాదు. మంచులో నడక భారం, ప్రతి అడుగూ దిగబడుతుంది, పైగా చప్పుడు వినిపించదు. ఒక బొమ్మ నిశ్శబ్దంగా ఉందని అనడం వింతగా ఉంటుంది, అన్ని బొమ్మలూ నిశ్శబ్దమే కదా! అయినా ఈ బొమ్మ ముందు నిలబడితే, మామూలుగా చప్పుడు ఉండవలసిన చోట లేదన్న భావం కలుగుతుంది. బొమ్మకున్న ‘మూడ్’ అని మనం అనేది ఇలాంటి వాటి నుంచే పుడుతుంది. ముఖాల మీద కన్నీళ్లు గీసినంత మాత్రాన అది రాదు. నేల, ఆకాశం, గాలి అన్నీ ఒకే మాట చెప్పాలి.

ఆ తర్వాత దగ్గరకు వెళ్లండి. ఎవరు తల వంచారు, ఎవరు ముందుకు చూస్తున్నారు, ఎవరికి ఎవరు దగ్గరగా నడుస్తున్నారు, ఇద్దరి మధ్య ఎంత ఎడం ఉంది అని చూడండి. బంధుత్వాలు ఆ ఎడాల్లోనే తెలుస్తాయి. మన ఇళ్లలో కూడా అంతే. శవపేటికకు ఎవరు ఎంత దగ్గరగా నిలబడ్డారో చూస్తే, ఆ ఇంటి సంగతి తెలియనివారికి సైతం వరసలు తెలిసిపోతాయి. ఒక్కటి మాత్రం మీకు దొరకదు. చనిపోయింది ఎవరు? ముసలివారా, పసివారా, సముద్రంలో పోయినవారా, జ్వరంతో పోయినవారా? బొమ్మ పేరులో దీవి ఉంది, ఋతువు ఉంది, మనిషి పేరు లేదు.

ఇది మరచిపోయి వదిలేసినది కాదనే నేను అనుకుంటాను. ఆ కాలంలోనే హాలండ్‌లో యోజెఫ్ ఇస్రాయెల్స్ అనే పెద్ద చిత్రకారుడు ఉండేవారు. నీట మునిగి చనిపోయిన జాలరిని తోటివారు మోసుకొస్తున్న ఆయన బొమ్మ ఇప్పుడు లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. అందులో కథ వెంటనే అర్థమవుతుంది. శవం కనిపిస్తుంది, ముందు నడిచే భార్యా పిల్లలూ కనిపిస్తారు, మన జాలి ఎటు పోవాలో చిత్రకారుడే చూపిస్తారు. ఫ్రాన్స్‌లో కూర్బే వేసిన ఓర్నాన్ ఊరి సమాధి కార్యక్రమం మరో తీరు. అక్కడ తవ్విన గొయ్యి ముందు ఊరంతా నిలబడి ఉంటుంది, తలలు తలా ఒక దిక్కుకు తిరిగి ఉంటాయి, మధ్యలో ఒక కుక్క కూడా. వాన్ డెర్ వెల్డెన్ ఈ రెండు దారులూ పట్టలేదు. ఒక విధవరాలిని ముందు నిలబెట్టి మనల్ని ఏడిపించలేదు. ఊరి జనాన్ని వేడుకగా చూపించలేదు. పేరు చెప్పలేదు కాబట్టి ఆ పేటికలో ఎవరిని ఊహించుకోవాలన్నది చూసేవారికి వదిలినట్టయింది. ఫోన్‌లో చూసి ఫోన్‌లోనే సాగనంపిన మనిషిని మీరు అందులో చూసుకుంటే, ఆ బొమ్మను తప్పుగా చదివినట్టు కాదు.

కొందరు విశ్వాసులు ఈ బొమ్మ చూసి, ఇందులో నిరీక్షణ ఏదీ అని అడగవచ్చు. మబ్బుల సందు నుంచి ఒక కిరణమైనా పడేలా వేయకూడదా అని. న్యాయమైన ప్రశ్నే. నా సమాధానం ఇది: నాయీను ఊరి గుమ్మం దగ్గర ప్రభువుకు ఎదురైనది కూడా ఒక అంతిమయాత్రే. ఆయన పాడెను ముట్టకముందు ఆ తల్లి కొంత దూరం నడిచింది, ఊరివారు చాలామంది ఆమెతో నడిచారు. లూకా ఆ గుంపును వదిలేయకుండా రాశాడు. మనం మాత్రం ఆదరణ కూడికల్లో తొందరపడి ఆ నడకను దాటవేస్తాం. ఏడుస్తున్నవారి చేతిలో వాక్యం పెట్టి, ఇక ఏడవకమ్మా అంటాం. ఈ చిత్రకారుడు ఆ నడక దగ్గరే ఆగారు. వెలుగు లేదని కాదు, మంచు మీద ఉన్న వెలుగు ఎంతో అంతే వేశారు. లేనిది కల్పించి వేయలేదు.

మార్కెన్ తర్వాతి సంవత్సరాలు త్వరగా చెబుతాను. ఆయన హేగ్ నగరానికి మారారు. అక్కడ బూడిద రంగు ఆకాశాలకూ, కూలీనాలీ జనం బొమ్మలకూ పేరుపడిన చిత్రకారుల బృందంతో ఆయనకు పొత్తు. 1880ల మొదట్లో అదే నగరంలో ఉన్న విన్సెంట్ వాన్ గో, తమ్ముడికి రాసిన ఉత్తరాల్లో ఈయన గురించి గౌరవంగా ప్రస్తావించారు. పెళ్లయింది, భార్య పేరు సోఫియా, పిల్లలు పుట్టారు. పేరు వచ్చింది గాని చేతిలో డబ్బు నిలిచే తీరు ఎన్నడూ కాదు.

1890లో కుటుంబమంతటితో క్రైస్ట్‌చర్చ్‌కి వచ్చారు. రమ్మని పిలిచినవారు గెరిట్ వాన్ ఆష్. ఈయనా డచ్చివారే. మన సమ్నర్ సముద్రతీరంలో 1880లో మొదలైన బధిరుల పాఠశాలకు తొలి పెద్ద. పిల్లలకు సైగలు వద్దు, పెదవుల కదలిక చూసి మాట నేర్పాలి అన్నది ఆయన పద్ధతి. దాని మీద తర్వాత చాలా విమర్శ వచ్చింది, అది వేరే కథ. మనకు కావలసింది ఒక్కటే: కొత్త దేశంలో ముందుగా స్థిరపడ్డ మనవాడు ఒకడు ఉంటే, వాడి మాట మీద ఇంకో కుటుంబం ఓడెక్కుతుంది. మీలో ఎంతమంది ఈ ఊరికి అలా రాలేదు?

వచ్చిన మరుసటి ఏడాది, 1891లో, ఆయన తొలిసారి ఒటీరా లోయకు వెళ్లారు. ఇప్పుడు మీరు ఆర్థర్స్ పాస్ మీదుగా కారులో రెండు గంటల్లో వెళ్లే దారే. అప్పట్లో గుర్రపు బండి తప్ప గతి లేదు, ఆ కొండ కిందుగా రైలు సొరంగం 1923లో గాని తెరవలేదు. బల్లపరుపు దేశంలో పుట్టి యాభై ఏళ్లు బ్రతికిన మనిషికి ఆ కొండలూ, ఆ నీటి హోరూ ఏమనిపించి ఉంటాయో ఊహించండి. ఎండ కాస్తే ఆయనకు పని లేదు, వాన ముసురు పట్టినప్పుడే సామాను తీసుకుని బయలుదేరేవారని ఆయన గురించి చెప్పుకుంటారు. ఆ లోయను ఆయన ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ వేశారు. వాటిలో పెద్దది ఒకటి డనీడిన్ గ్యాలరీలో ఉంది, 1893 నాటిది ఒకటి మన ఊరి గ్యాలరీలోనే ఉంది.

ఒటీరా బొమ్మల్లో మనిషి జాడ దాదాపు ఉండదు. నల్లని కొండ గోడలు, మధ్యలో తెల్లగా ఉరికే నీళ్లు, పైన దిగివచ్చిన మబ్బు. న్యూజిలాండ్ వాళ్లకు ఆయన ముఖ్యంగా ఈ బొమ్మల వల్లనే తెలుసు. మార్కెన్ బొమ్మ వేరు, ఇవి వేరు అని పుస్తకాల్లో రెండు అధ్యాయాలుగా పెడతారు. నాకు అలా అనిపించదు. వీలైతే ఆ రెండింటినీ ఒకే రోజు చూడండి. అదే నలుపు, అదే తెలుపు, అదే బరువైన ఆకాశం. అక్కడ తెల్లని నేల మీద నల్లగా కదిలింది జనం, ఇక్కడ నల్లని రాళ్ల మధ్య తెల్లగా కదిలేది నీరు. కొత్త దేశంలో ఆయనకు ఆ ఊరి జనం లేరు. ఆ దిబ్బ లేదు, వరసలు లేవు, ఎవరు చనిపోయినా అందరూ నడిచే ఆ దారి లేదు. పాత దుఃఖాన్ని మోయడానికి ఆయనకు దొరికినది ఆ లోయ. ఇది నా అభిప్రాయమే, కళా విమర్శకులు ఒప్పుకోనక్కర్లేదు. పరదేశి అయినవారు ఒప్పుకుంటారని మాత్రం అనుకుంటున్నాను.

ఆ రోజుల్లో క్రైస్ట్‌చర్చ్‌లో ఆయన దగ్గర నేర్చుకున్నవారిలో సిడ్నీ లాఫ్ థాంప్సన్, రేమండ్ మెకింటైర్ వంటివారు తర్వాత మంచి చిత్రకారులయ్యారు. వెలుగునీడల పొందికే బొమ్మకు ప్రాణం, అది కుదిరితే మనసులోని భావం దానంతట అదే వస్తుందన్నది ఆయన నేర్పిన ముఖ్యమైన పాఠం. శిష్యులు దొరికారు, గౌరవం దొరికింది. బొమ్మలు కొనేవారు మాత్రం కొద్దిమందే.

1898లో మెరుగైన బ్రతుకు కోసం సిడ్నీకి వెళ్లారు. అక్కడ ఉండగానే సోఫియా చనిపోయారు. మార్కెన్‌లోలాగా ఊరంతా వెంట నడిచే చోటు కాదది. ఊరి దుఃఖాన్ని అంత ఓపికగా వేసిన మనిషి, తన ఇంటి దుఃఖం వచ్చేసరికి పెద్ద పట్నంలో పరాయివాడు. 1904లో న్యూజిలాండ్‌కి తిరిగివచ్చి, అదే ఏడాది మళ్లీ పెళ్లి చేసుకున్నారు. ఒటీరాను మళ్లీ మళ్లీ వేస్తూనే ఉన్నారు. 1913 నవంబరులో, డెబ్బై ఆరేళ్ల వయసులో, ఆక్లాండ్‌లో కన్నుమూశారు.

ఇక మిగిలింది ఆ మార్కెన్ బొమ్మ సంగతి. 1932లో బొటానిక్ గార్డెన్స్ పక్కన మన ఊరికి మొదటి సొంత ఆర్ట్ గ్యాలరీ తెరిచారు. అదే ఏడాది వాన్ ఆష్ కుటుంబానికి చెందిన హెన్రీ చార్లెస్ డ్రూరీ వాన్ ఆష్ ఈ చిత్రాన్ని ఊరికి కానుకగా ఇచ్చారు. వింత ఏమిటంటే, సరిగ్గా అదే 1932లో హాలండ్‌లో జౌడర్‌జేకి అడ్డంగా పెద్ద గట్టు కట్టడం పూర్తయింది. ఉప్పు సముద్రం మంచినీటి సరస్సయింది, మార్కెన్ జాలరుల పాత జీవనం ముగిసిపోయింది. 1957లో దీవికి రోడ్డు కూడా వేశారు. ఇప్పుడక్కడికి బస్సుల్లో పర్యాటకులు వెళ్తారు. ఆ ఊరివారు అలా నడిచిన నడక ఒకటి మాత్రం ప్రపంచానికి ఈ కొసన, మన దగ్గర ఉండిపోయింది.

గ్యాలరీ 2003లో ఇప్పటి కొత్త భవనానికి మారింది. 2011 ఫిబ్రవరి 22 భూకంపంలో ఈ నగరంలో 185 మంది చనిపోయారు. ఆ రోజుల్లో గ్యాలరీ భవనమే సహాయక చర్యలకు కేంద్రమైంది. జనానికి మళ్లీ తలుపులు తెరిచేసరికి 2015 డిసెంబరు వచ్చింది. ఆ ఐదేళ్లలో ఈ ఊరు ఎన్ని అంతిమయాత్రలు చూసిందో అప్పటి నుంచి ఇక్కడున్న కుటుంబాలకు తెలుసు.

చిత్రాలను అప్పుడప్పుడు మారుస్తుంటారు కాబట్టి, వెళ్లేముందు ఈ బొమ్మ గోడ మీద ఉన్నదో లేదో గ్యాలరీకి ఫోన్ చేసి కనుక్కోండి. ఈ ఏడాది ఊరి నుంచి అలాంటి కబురు అందుకున్నవారు మీ సంఘంలో ఉంటే, వారిని వెంట తీసుకువెళ్లండి. అక్కడ ఏమీ చెప్పనక్కర్లేదు. లోపల బల్లలు ఉంటాయి, కూర్చోవచ్చు.